జబ్బార్ మేస్త్రి రాసుకొచ్చిన పోలికలు

మండవల్లి దాటి కొల్లేటి వైపు వెళ్ళే రోడ్డు మీద, చేపల చెరువుల మధ్యన ఉన్న ఐసు ఫ్యాక్టరీకి అబ్దుల్ జబ్బార్ గారు మేస్త్రి. నిన్నా మొన్నా కాదు, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మేస్త్రి. చదువు ఊరి బడిలో ఏడో తరగతి. కాని ఆ ఏడో తరగతిలో చేతిరాతకు బహుమతిగా ఇచ్చిన ఇత్తడి గ్లాసు ఇప్పటికీ ఇంట్లో అలమరలో ఉంది. అందులో నీళ్ళు తాగే సాహసం ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

ఆయన సాధించినవి ఎన్ని ఉన్నా, ముఖ్యమైనవి మూడు. తుఫాను వచ్చిన ఏడాది పదకొండు రోజులు కరెంటు లేకపోతే, జనరేటర్ మీద ప్లాంటు నడిపించి, చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన శీలావతి, బొచ్చె చేపలు ఒక్క లారీ కూడా పాడవకుండా కలకత్తా పంపించారు. చెన్నై నుంచి కంపెనీ వాళ్ళు పంపిన ఇంజనీరు మూడు రోజులు పుస్తకాలు తిరగేసి తేల్చలేకపోయిన జబ్బును, కంప్రెసర్‌కి చెవి ఆనించి అరనిమిషంలో చెప్పేశారు. ఏలూరులో ఐసు ఫ్యాక్టరీల సంఘం వాళ్ళ చేత శాలువా కప్పించుకున్నారు. పెళ్ళికి వెళ్ళినా పరామర్శకు వెళ్ళినా ఈ మూడూ వరసగా చెప్పకుండా ఆయన లేచిన దాఖలా లేదు. పరామర్శలో మాత్రం కాస్త గొంతు తగ్గించి చెప్పేవారు.

అలాంటి మనిషికి ఒకటే కోరిక మిగిలింది. యజమాని ఈశ్వరప్రసాద్ గారు ఏలూరు శివార్లలో ఇంతకు రెండింతల ప్లాంటు కడుతున్నారు. దానికి ఇన్‌చార్జి కావాలి. ఇన్‌చార్జి అంటే గది, గదిలో బల్ల, తలుపు పక్కన పేరున్న బోర్డు. జబ్బార్ గారికి యాభై తొమ్మిది నిండాయి. ఇప్పుడు రాకపోతే ఆ బోర్డు ఇక రాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, భార్య చాంద్ బీకి ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే ఆ బోర్డు మీద అక్షరాలు ఎంతెంత ఉండాలో రోజూ అన్నం దగ్గర వింటున్నది ఆవిడే.

ఈశ్వరప్రసాద్ గారు మాత్రం వెంటనే తేల్చలేదు.

"జబ్బార్ గారూ, రెండేళ్ళలో తొమ్మిది మంది పని మానేశారండి. జీతం చాల్లేదా అంటే కాదంటారు. ఇంకేంటంటే చెప్పరు. ఆ కారణమేదో తెలియకుండా ఇంకో ప్లాంటు తెరిస్తే అక్కడా ఇదే గోల. ముందు దాని సంగతి చూద్దాం, ఇన్‌చార్జి సంగతి తరవాత."

"కారణానికేముందండి, కుర్రాళ్ళకి ఫోన్లొచ్చాయి," అన్నారు జబ్బార్ గారు.

కారణం కనిపెట్టడానికి ఉషశ్రీ అనే అమ్మాయి వచ్చింది. తాడేపల్లిగూడెం పిల్ల, ఎంబీయే చదివింది. ఫ్యాక్టరీల్లో మనుషులు ఎలా ఉన్నారో చూసి రిపోర్టు రాయడం ఆమె ఉద్యోగం. అలాంటి ఉద్యోగం ఒకటుందని మండవల్లిలో అప్పటివరకూ ఎవరికీ తెలియదు. వస్తూనే తలా ఒక కాగితం పంచింది. కాగితం మీద ఒకటే వాక్యం, రెండు ఖాళీలు: 'మా ప్లాంటు ......... లాంటిది. ఎందుకంటే .........'

సాయంత్రానికి ఇరవై మూడు కాగితాలూ తిరిగొచ్చాయి. ఇరవై మూడింటిలోనూ 'మా ప్లాంటు కుటుంబం లాంటిది. ఎందుకంటే మేమందరం అన్నదమ్ముల్లా కలిసి ఉంటాము' అని ఉంది. ఐసు డబ్బాలు దించే తొట్టి నీళ్ళలో ఉప్పు పోసే పాపాయమ్మ కాగితంలో కూడా అన్నదమ్ముల్లాగే ఉంది.

"ఇదేంటండి మేస్త్రి గారూ, ఇరవై మూడు మందికీ ఒకే చేతిరాత వచ్చింది?" అంది ఉషశ్రీ.

"బాగుందా అమ్మా?"

"చాలా బాగుందండి."

"ఏడో తరగతిలో గ్లాసిచ్చారు," అన్నారాయన నెమ్మదిగా.

ఆ అమ్మాయి నవ్వలేదు, కోప్పడనూ లేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పింది. "పని ఎలా ఉందని అడిగితే అందరూ బావుందనే అంటారండి. అదే దేనిలా ఉందని అడిగితే మనిషి దొరికిపోతాడు. ఆ పోలికలే నాక్కావాలి. నేను వెళ్తే అందరూ లేచి నిలబడుతున్నారు. మీరైతే టీ దగ్గర కూర్చుని వింటారు. వాళ్ళన్నది అన్నట్టు రాసిపెడతారా? ఒకటే మాట. మీ మాట అందులో కలపకూడదు."

"జబ్బార్ రాశాడంటే రిజిస్ట్రారాఫీసులో రాసినట్టేనమ్మా," అన్నారు జబ్బార్ గారు. లోపల మాత్రం సంతోషం ఆగడం లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తన చేతి కింద పనిచేసిన జనం, తన ముందే కూర్చుని, తన ప్లాంటు గురించి చెబుతారు. అది తన చేతిరాతలోనే యజమాని బల్ల మీదికి వెళ్తుంది. బోర్డు ఇంక ఎంతో దూరం లేదు.

మర్నాడు పదకొండు గంటల టీ దగ్గర వంద పేజీల నోటుబుక్కు తెరిచారు. ఐసు డబ్బాలను తొట్టిలోంచి పైకెత్తే ఏడుకొండలు మొదటివాడు.

"నా మటుకు అత్తారిల్లండి."

"అదేంటయ్యా?"

"ఆయ్, మరేనండి. ఇల్లు పెద్దదే, తిండికి లోటు లేదు. కోడలు కాపరానికొచ్చి పదేళ్ళయినా బీరువా తాళం మాత్రం అత్తగారి బొడ్లోనే ఉంటుంది. ఏదన్నా కనపడకపోతే కోడలు తీసిందంటారు. అంతేనండి." అని టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. పక్కవాళ్ళకు ఎందుకో ఒక్కసారిగా దగ్గొచ్చింది.

జబ్బార్ గారు పొందిగ్గా రాసుకున్నారు. డీజిలు గది తాళం ఈశ్వరప్రసాద్ గారి దగ్గరే ఉంటుంది. పాపం ప్రసాద్ గారు, ఇంత మంచివారిని పట్టుకుని అత్తగారంటున్నారే అని కాస్త జాలిపడ్డారు కూడా.

పాపాయమ్మ వంతు వచ్చింది. "పెళ్ళివారి వంటశాలండీ. ఇరవై మందిమి కూరలు తరుగుతాం, పొయ్యిలూదుతాం, కళ్ళు మండిపోతాయి. గరిటె ఒక్కరి చేతిలోనే. పైగా ఆ మారాజు ఉప్పు చూసేటప్పుడు మనకేసి వీపు తిప్పుతాడండీ, ఎంతేశాడో తెలిసిపోద్దని."

ఇది జబ్బార్ గారికి బాగా నచ్చింది. వంటాయన లేనిదే పెళ్ళి ఎక్కడిది? ఆ వాక్యం కింద గీత కూడా గీశారు.

లారీలకు ఐసు ఎక్కించే బాలస్వామి రైలు గేటన్నాడు. "గేటేసి లోపల కూర్చుంటాడండి గేటు మనిషి. రైలెప్పుడొస్తుందయ్యా అంటే వస్తుంది అంటాడు. ఎటునుంచి అంటే నీకెందుకంటాడు. మనం బండాపుకుని ఆయన మొహం చూస్తూ ఉండాలి." ఇది కరెంటు వాళ్ళ మీద ఫిర్యాదని జబ్బార్ గారు అర్థం చేసుకున్నారు.

ఇక మిగిలింది ఫయాజ్. ఇరవై ఎనిమిదేళ్ళవాడు. కంప్రెసర్ గదిలో ఆరేళ్ళుగా హెల్పరు.

ఇక్కడ ఆ గది సంగతి ఒకటి చెప్పాలి. ఐసు ఫ్యాక్టరీకి ప్రాణం కంప్రెసర్, కంప్రెసర్‌కి ప్రాణం ఎక్స్‌పాన్షన్ వాల్వు. దాన్ని ఎంత తిప్పితే చల్లబరిచే అమోనియా అంత వెళ్తుంది. ఎక్కువైనా చిక్కే, తక్కువైనా చిక్కే. జబ్బార్ గారు వాల్వు మీద చెయ్యి వెయ్యాలనుకున్నప్పుడల్లా "ఫయాజ్, టీ పట్రా" అనేవారు. ఫయాజ్ తిరిగొచ్చేసరికి పని అయిపోయేది. రోజుకు ఏడెనిమిది టీలు. టీ వచ్చిందంటే వాల్వు తిరిగిందని ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు.

ఇది ఆయన కనిపెట్టిన పద్ధతి కాదు. భీమవరంలో పని నేర్చుకునే రోజుల్లో ఉస్తాదు ఆయనను బీడీలకు పంపేవాడు. జబ్బార్ గారు బీడీల కొట్టుకని బయల్దేరి, గది వెనక కిటికీ సందులోంచి చూసి నేర్చుకున్నారు. విద్య అడిగితే రాదు, కళ్ళతో దొంగిలిస్తేనే నిలుస్తుందని ఆయన సిద్ధాంతం. అందుకే తాను మేస్త్రి అయిన మొదటి వారంలోనే కంప్రెసర్ గది కిటికీకి రేకు కొట్టించారు.

"నాకు పోలికలూ అవీ రావండి మేస్త్రి గారూ," అన్నాడు ఫయాజ్.

"ఏదో ఒకటి చెప్పవయ్యా, రాసుకోవాలి."

"ఆరేళ్ళు బళ్ళో కూర్చోబెట్టి పలక ఇవ్వలేదనుకోండి. ఆ బడండి."

"ఏ బడి?"

"ఏమోనండి. టీ ఏమన్నా తెమ్మంటారా?"

కుర్రాడు పై చదువులు చదవలేకపోయానని బాధపడుతున్నాడు పాపం అనుకుని, అదీ రాసుకున్నారు.

శుక్రవారం నమాజు చేసుకుని ఇంటికొచ్చి, గోంగూర మాంసంతో అన్నం తింటూ, జబ్బార్ గారు నోటుబుక్కు భార్యకు చదివి వినిపించారు. అత్తారింటి దగ్గర చాంద్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వంటశాల దగ్గర గిన్నె కింద పెట్టేసింది. పలక దగ్గరికొచ్చేసరికి నవ్వలేక గోడకు చేరబడింది.

"ఏవండీ, ఆ అత్తగారు ఎవరనుకుంటున్నారు?"

"ప్రసాద్ గారు."

"ఆయన ఫ్యాక్టరీకి వారానికోసారి వస్తారు. బొడ్లో తాళం పెట్టుకుని రోజూ తిరిగేదెవరు?"

జబ్బార్ గారి చెయ్యి దానంతటదే నడుము దగ్గరికి వెళ్ళింది. కంప్రెసర్ గది తాళం గొలుసుతో సహా అక్కడే ఉంది.

"గరిటె ఎవరిది? గేటెవరిది? ఆ పిల్లాడిని రోజూ టీకి తోలేది ఎవరండీ?" అంది చాంద్ బీ. "మీ ముందే కూర్చుని, మీ చేతే రాయించారు. ఎంత తెలివైనవాళ్ళండీ బాబూ!"

"మరి శాలువా ఊరికే కప్పారంటావా?"

"ఆ శాలువా మాత్రం? నాకు చూపించారు గాని ముట్టుకోనిచ్చారా? నన్నడగరేం, ఈ ఇల్లు దేనిలాంటిదని?"

"అడగను," అన్నారాయన.

అన్నం సగంలో చెయ్యి కడుక్కుని, నోటుబుక్కు పట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. ఇది ప్రసాద్ గారి చేతికి వెళ్తే బోర్డు మాట దేవుడెరుగు. కొత్త పేజీ తిప్పి, 'అత్తారిల్లు' అన్నచోట 'పుట్టిల్లు' అని రాసి చూశారు. తరవాత వాక్యం కుదరలేదు. పుట్టింట్లో బీరువా తాళం గురించి ఎవరూ రాయరు. దానికి తోడు అక్షరాలు వంకర పోతున్నాయి. తన మాట కలపనని ఆడపిల్లకు మాటిచ్చి, ఇంత చెడ్డ రాతలో ఆ మాట తప్పడమా? ఆ పేజీ చింపేసి, మర్నాడు నోటుబుక్కు ఉన్నదున్నట్టు ఉషశ్రీ చేతికిచ్చేశారు.

సోమవారం ఈశ్వరప్రసాద్ గారి గదిలో ముగ్గురే ఉన్నారు. ఉషశ్రీ తన రిపోర్టూ జబ్బార్ గారి నోటుబుక్కూ బల్ల మీద పెట్టింది. ప్రసాద్ గారు నోటుబుక్కు చదివారు. చదువుతున్నకొద్దీ మొహం చిన్నబోయింది.

"నేనా అత్తగారిని? పండక్కి బట్టలు పెడుతున్నాను కదండీ! ఒంట్లో బాగోకపోతే కారిచ్చి పంపుతున్నాను. డీజిలు గది తాళం గురించేనా ఇదంతా?" కాసేపు కిటికీలోంచి చూశారు. "సరే. తప్పు నాదే. ఆ తాళం రేపే ఇచ్చేస్తాను. జబ్బార్ గారూ, మీ మీద ఒక్క మాట లేదు ఇందులో. ఏలూరు ప్లాంటుకి మీరే..."

ఉషశ్రీ జబ్బార్ గారి వంక చూసింది. 

ఊరుకుంటే చాలు. ఇంకో అరనిమిషం ఊరుకుంటే బోర్డు వచ్చేస్తుంది. కాని జబ్బార్ గారికి రెండు విషయాలు గొంతుకు అడ్డం పడ్డాయి. ఒకటి, చెయ్యని తప్పు నెత్తిన వేసుకుంటున్న యజమాని. రెండోది ఇంకా పెద్దది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ ఇంటికి పెద్ద ఎవరో ఈయనకు తెలియకపోవడమేమిటి?

"అత్తగారు మీరు కాదండి," అన్నారు.

"మరి?"

"నేనండి. మీరు వారానికోసారి వచ్చి కాఫీ తాగి వెళ్ళే మామగారండి. ఆ వంటాయనా నేనే. గేటూ నాదే. పలక ఇవ్వంది కూడా నేనేనండి." చెబుతున్నకొద్దీ ఆయన వెన్ను నిటారుగా అయింది. నేరం ఒప్పుకుంటున్నట్టు లేదు, శాలువా కప్పించుకుంటున్నట్టుంది.

ప్రసాద్ గారు నోటుబుక్కు మూశారు. ఆ తరవాత అడిగిన ప్రశ్న చాలా మామూలుది. "అయితే మిమ్మల్ని ఏలూరు పంపితే ఇక్కడ ఎవరు నడుపుతారండీ?"

జబ్బార్ గారు ఇన్నేళ్ళూ తాను లేనిదే ప్లాంటు నడవదని పదిమందికీ చెప్పుకున్నారు. నడవని చోటు నుంచి మనిషిని కదపరని ఆయనకు ఒక్కసారీ తట్టలేదు.

"నా రిపోర్టులో ఉన్నదీ అదేనండి," అంది ఉషశ్రీ మెల్లగా. "మానేసిన తొమ్మిది మందిలో ఏడుగురు కంప్రెసర్ గదిలో హెల్పర్లే."

చివరికి ప్రసాద్ గారు ఒక షరతు పెట్టారు. నెల రోజుల్లో ఫయాజ్‌కి పని నేర్పాలి. తరవాత మూడు రోజులు జబ్బార్ గారు ఇంట్లో కూర్చోవాలి. ఐసు ఆగకపోతే ఏలూరు ఆయనది. ఆ మూడు రోజుల్లో ఆయన ఒక్కసారి వచ్చి చెయ్యి వెయ్యాల్సి వచ్చినా ఆయన ఇక్కడే ఉంటారు, ఏలూరుకు డిప్లొమా చదివినవాడు వస్తాడు.

నేర్పడమంటే ఎంత కష్టమో జబ్బార్ గారికి మొదటిరోజే తెలిసింది. చేతికి వచ్చినది నోటికి రాలేదు.

"ఇలా తిప్పాలి... కొంచెం."

"కొంచెం అంటే ఎంతండి?"

"ఒంటికి తెలుస్తుందయ్యా."

"ఎవరి ఒంటికండి?"

రెండు రోజులు గింజుకున్నాక మూడోరోజు దారి దొరికింది. "చూడు, ఇది పసిబిడ్డకి ఉగ్గు పెట్టడం. వాల్వు ఎక్కువ తెరిచావనుకో, బిడ్డ మింగలేదు, పొలమారుతుంది. అప్పుడు పైపు మీద మంచు కంప్రెసర్ మెడదాకా పాకి, లోపల టక్ టక్ అని కొడుతుంది. తక్కువ తెరిస్తే ఆకలికి ఏడుస్తుంది, సన్నగా కూత వినపడుతుంది. కడుపు నిండితే కునుకు తీసే పిల్లిలా గుర్రుమంటుంది." ఫయాజ్ ఒక్కొక్కటే విని, గేజిలో ముల్లు ఎక్కడుందో చూసి, గోడ మీద సుద్దతో రాశాడు: పొలమారితే పావు తిప్పు మూయాలి. పిల్లి గుర్రుమన్నప్పుడు గేజి ఇరవై. ముప్ఫై ఒక్క ఏళ్ళ రహస్యం పదకొండు వరసలకు సరిపోయింది. జబ్బార్ గారు దాన్ని కాసేపు నమ్మలేనట్టు చూసి, 'పొ' అక్షరం సరిగా లేదని చెరిపి మళ్ళీ రాశారు.

తలుపు దగ్గర పాపాయమ్మ నిలబడి ఉంది.

"నీకేం కావాలి?"

"గరిటె చూద్దామని వచ్చానండీ."

నెల గడిచింది. ఆయన ఇంట్లో కూర్చునే మూడు రోజులూ వచ్చాయి.

మొదటిరోజు జబ్బార్ గారు రోడ్డు మీదికి వెళ్ళి, ఐసు వేసుకొస్తున్న లారీని ఆపి, పైన కప్పిన పట్టా ఎత్తించి చూశారు. దిమ్మలు అద్దాల్లా ఉన్నాయి. సంతోషించాలో ఏడవాలో తెలియక ఇంటికొచ్చారు. ఐసు బాగుంటే బోర్డు వస్తుంది. ఐసు బాగుంటే తాను లేకపోయినా ఐసు బాగుంటుందని కూడా తేలిపోతుంది. దువాలో ఏది అడగాలో తెలియక, "నీకు తెలియనిదేముంది" అని దేవుడికే వదిలేశారు. రెండోరోజు ఫోను మోగలేదు. చెడిపోయిందేమోనని చాంద్ బీ చేత పక్కింటి ఫోనులోంచి చేయించారు. మోగింది.

"బంగారంలా ఉందండీ మీ ఫోను," అంది చాంద్ బీ.

మూడోరోజు మధ్యాహ్నం మూడింటికి ఫయాజ్ ఫోన్ చేశాడు.

"మేస్త్రి గారూ, పైపు మీద మంచు మెడదాకా వచ్చేసిందండి. లోపల టక్ టక్ మని..."

జబ్బార్ గారు అప్పటికే లేచి చొక్కాలో ఒక చెయ్యి పెట్టారు. గుమ్మం దాకా వచ్చి ఆగారు. వెళ్తే పావుగంటలో సర్దుతారు. వెళ్తే బోర్డు పోతుంది. వెళ్తే, అబ్బ, అందరూ తలుపు దగ్గర నిలబడి చూస్తారు! ఆ చివరి ఆలోచన ఆయనను నిజంగానే ఒక అడుగు ముందుకు లాగింది. కాని వెనక చాంద్ బీ నిలబడి చూస్తోంది. ఆయన గుమ్మంలోంచే గట్టిగా చెప్పారు.

"భయపడకు. పొలమారింది, అంతే. వాల్వు పావు తిప్పు మూయి. ఒక్క పావే. మంచు కిందికి దిగేదాకా మళ్ళీ ముట్టుకోకు. పది నిమిషాలయ్యాక చెవి పెట్టి విను..."

"మూసేశానండి. అరగంటయింది. ఇప్పుడు గుర్రుమంటోందండి, పిల్లిలాగే."

జబ్బార్ గారు గుమ్మానికి చేరబడ్డారు.

"మరి నాకెందుకు చేశావు?"

"మీకు కాకపోతే ఇంకెవరికి చెప్పుకోనండి? ఏడుకొండలన్నకి చెబితే పోనీలే అన్నాడు. ఇంట్లో చెబితే వాల్వంటే ఏంటంటారు. మొట్టమొదటిసారండి మేస్త్రి గారూ, నా చేత్తో!" గొంతు ఎగిరెగిరి పడుతోంది. "ఆ, మర్చిపోయాను. ప్రసాద్ గారు ఇక్కడే ఉన్నారండి. ఏలూరు బోర్డు మీద మీ పేరు పూర్తిగా రాయించాలా, పొట్టిగానా అని కనుక్కోమన్నారు."

"పూర్తిగా," అన్నారు జబ్బార్ గారు. ఇంకేదో అనబోయి, చొక్కా రెండో చెయ్యి వేలాడుతుండగానే అరుగు మీద కూర్చున్నారు. "అది సరే గాని, ఆ టక్ టక్ మొదట ఎప్పుడు వినపడింది? మొదట్నుంచీ చెప్పు."

ఫయాజ్ చెప్పడం మొదలుపెట్టాడు. భోజనం డబ్బా మూత తీసిన దగ్గర్నుంచి చెప్పాడు. చెవి ఎలా ఆనించాడో, గోడ మీది సుద్దరాత ఎన్నిసార్లు చదివాడో, బాలస్వామి మొహం ఎలా పాలిపోయిందో, ఏదీ వదలకుండా. మధ్యలో రెండుసార్లు జబ్బార్ గారి నోరు దానంతటదే తెరుచుకుంది. "తుఫాను వచ్చిన ఏడాది..." అనబోయి రెండుసార్లూ మూసుకున్నారు. ఎదుటివాడి గొప్ప వింటూ కూర్చోవడం ఇంత కష్టమని ఆయనకు ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు. తాను పరామర్శలకు వెళ్ళినప్పుడు ఆ ఇళ్ళవాళ్ళంతా ఎలా కూర్చున్నారో పాపం, అనుకున్నారు. అవతల ఫయాజ్ ఇంకా వాల్వు దగ్గరికి కూడా రాలేదు.